నా తల మీద నేనే పెట్టుకున్న ఒట్టు

మీ అమ్మాయి ఏం చేస్తుందండీ అని, మేముండే ఈ పరాయి దేశపు ఊరు లెటర్‌కెన్నీలో మనవాళ్ల ఇళ్లకు పేరంటానికి వెళ్లినప్పుడల్లా అడుగుతారు. మిగతావాళ్ల పిల్లల గురించి చెప్పడం తేలిక. డాక్టరు, నర్సు, సాఫ్ట్‌వేరు. నా కూతురి ఉద్యోగం చెప్పాలంటే ముందు ఒక యుద్ధం సంగతి చెప్పాలి. అందుకని "కంప్యూటర్ పనేనమ్మా" అనేసి తాంబూలం పుచ్చుకుని వచ్చేసేదాన్ని.

అబద్ధమేమీ కాదు. ఇంతకుముందు గాల్వే అనే ఊళ్లో ఒక కంపెనీలో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లే. అల్లుడుగారికి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక ఇల్లు ఇటు మార్చారు. మా ఆయన పోయాక నేనూ వీళ్ల దగ్గరికే వచ్చాను. ఒకరోజు నేను కందిపప్పు ఏరుతుంటే నా కూతురు వచ్చి పక్కన కూర్చుని, ఫలానా దేశంలో యుద్ధం ఆగింది, నేనక్కడ పనికి వెళ్తున్నాను అంది. ఆ దేశం పేరు నాకు నోరు తిరగదు. తిరిగినా ఇక్కడ రాయను. అక్కడ ఇంకా మనుషులున్నారు.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఆ దేశంవాళ్లు వాళ్లలో వాళ్లే ఏళ్ల తరబడి చంపుకున్నారు. చివరికి నానా దేశాలవాళ్లు వెళ్లి మధ్యలో కూర్చున్నారు. ప్రతి ఆఫీసులోనూ ఆ దేశపు మనిషి ఒకరు, పక్కనే బయటి మనిషి ఒకరు. ఇద్దరి సంతకాలూ లేనిదే ఏ కాగితమూ కదలదు. ఎన్నికలు జరిగి, గెలిచినవాళ్లు గద్దె ఎక్కిన రోజున బయటివాళ్లు లేచి వచ్చెయ్యాలి. ఓటర్ల జాబితా తయారుచేసే ఆఫీసులో బయటి మనిషి కుర్చీ నా కూతురిది.

"పరాయివాళ్ల గొడవలు నీకెందుకే" అన్నాను.

"పరాయివాళ్లు ఉండాలనే కదమ్మా మమ్మల్ని పిలిచింది."

"మరి పిల్లనెవరు చూస్తారు?"

"నువ్వు లేవూ."

అదీ దాని పద్ధతి. నన్ను అడగలేదు, నాకు చెప్పింది.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. దేశాలు నడపడం నాకు తెలియదు గాని ఇల్లు నడపడం తెలుసు. నీళ్లు కాచే ఇమ్మర్షన్ ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు కట్టాలో ఈ ఇంట్లో నేనే చెబుతాను. చలి అంటే హీటర్ వెయ్యను, ఇంకో స్వెట్టర్ ఇస్తాను. మనవరాలికి తొమ్మిదేళ్లు. తెలుగులో అడిగితే ఈ దేశపు యాసతో ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. అలా ముగ్గురం గడుపుకొచ్చాం. నా కూతురు సెలవు దొరికినప్పుడు వచ్చి పోతూ ఉండేది.

అక్కడ ఆ ఆఫీసుకు పెద్ద ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. యుద్ధానికి ముందు బడిలో లెక్కలు చెప్పేదట. నా కూతురు ఉండేది కూడా ఆవిడ ఇంట్లోనే, మేడ మీద గదిలో. వీడియో కలిపినప్పుడల్లా ఆవిడా వచ్చి వెనక నిలబడేది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. ఒకసారి నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే చూసి, గబగబా వెళ్లి తన చిక్కుళ్ల బుట్ట తెచ్చి చూపించింది. నా కూతురు చిక్కిపోయిందని నేను చూపుడువేలు నిలబెట్టి చూపిస్తే, ఆవిడ చెంపలు ఉబ్బించి, పెద్ద గరిటె ఎత్తి, నేను పెడుతూనే ఉన్నాను, అది తినడం లేదు అన్నట్టు చెయ్యి తిప్పింది. అలా చేతులతోనే మా ఇద్దరికీ మాటలు నడిచేవి.

"యూ టూ ఆర్ గ్యాస్, అమ్మమ్మా" అనేది మనవరాలు. గ్యాస్ అంటే ఇక్కడ తమాషా మనిషి అని అర్థమట.

ఓట్లు పడ్డాయి. లెక్కపెట్టారు. ఓడినవాళ్లు ఒప్పుకోలేదు. జాబితాలో చచ్చినవాళ్ల పేర్లున్నాయన్నారు. బతికున్నవాళ్ల పేర్లు కొట్టేశారన్నారు. బయటివాళ్లూ ఆ లెక్కల టీచరూ కలిసి చేసిన మోసం అన్నారు. అయినా దేశాన్ని అప్పజెప్పడానికి పెట్టిన తేదీ మారలేదు. ఆ రోజున ఆవిడా నా కూతురూ పక్కపక్కన కూర్చుని జాబితా ఆఖరి ప్రతి మీద సంతకాలు పెట్టాలి. ఆ తరువాత నా కూతురు ఇంటికి వచ్చెయ్యాలి.

దానికి ముందురోజు మధ్యాహ్నం, డ్యూటీలో ఉండాల్సిన అల్లుడుగారు వానలో తడుస్తూ ఇంటికొచ్చారు. ఆసుపత్రి బట్టలు కూడా మార్చుకోలేదు.

"అత్తయ్యగారూ, ఆ స్టవ్ కట్టండి."

"ఏమైంది బాబూ?"

"ఆఫీసు గేటు దగ్గర జనం చేరారంట. రాళ్లు వేస్తున్నారంట. బయటివాళ్లందరూ ఎయిర్‌పోర్టుకి వచ్చెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. కాసేపట్లో బండి వెళ్తుంది వీళ్ల కోసం. మళ్లీ రాదు."

"ఎక్కి రమ్మనండి."

"ఎక్కనంటోంది."

"మరి ఆవిడ?"

"ఆ దేశంవాళ్లని ఎక్కించుకోరండి."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా నేల మీదే కూర్చుండిపోయారు.

"నా మాట వినదండి. వినేదైతే అక్కడికే వెళ్లేది కాదు. మీరు ఒట్టు పెట్టండి. పాప మీద పెట్టండి, కాదనలేదు."

"పసిదాని నెత్తిన పెట్టే బరువా అది? ఫోనిలా ఇవ్వండి."

నేను దేన్నీ వృథాగా ఖర్చు చేసే మనిషిని కాను, ఒట్టును అసలే చెయ్యను. మాట మాటకీ తల మీద చెయ్యి వేసుకునేవాళ్లను చూస్తే నాకు చీదర. నా కూతురు పుట్టినప్పటి నుంచీ దానికి ఒక్క ఒట్టూ పెట్టలేదు. పెట్టలేదు గనకే, పెడితే అది జవదాటదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఫోన్ కలిసింది. నా కూతురి జుట్టు చెదిరి ఉంది. వెనక ఎక్కడో రేకుల మీద రాళ్లు పడుతున్న చప్పుడు.

"తిన్నావా?" అన్నాను. వేరే మాట రాలేదు.

"తిన్నానమ్మా."

"బండెక్కు."

"రేపొక్కరోజేనమ్మా. సంతకం పెట్టేసి వచ్చేస్తా."

"రేపు బండి లేదంటగా."

"నేను లేకపోతే ఆ జాబితా చెల్లదంటారమ్మా. అంతా ఆవిడ నెత్తిన రుద్దుతారు. ఒంటరిగా దొరికిపోద్ది వాళ్లకి. ఆఖరిదాకా పక్కనుంటానని చేతిలో చెయ్యేసి చెప్పాను. ఇంతమందిమి వచ్చి, మేమున్నాం మీకు అని చెప్పి, రాళ్లు పడగానే బండెక్కి పోతామా?"



"ఆవిడ్ని పిలువు" అన్నాను.

ఆవిడ వచ్చింది. కోటు వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. నేను చేతులు జోడించాను. నా పిల్లను పంపించు తల్లీ, దానికో పిల్ల ఉంది, అది నీకిచ్చిన మాట వదిలెయ్ అని తెలుగులోనే చెప్పాను. నా కూతురు ఆవిడతో ఏదో అంది. నేనన్నదంతా చెప్పలేదని నాకు తెలుసు, అంత పొట్టిగా నేను అడగలేదు. ఆవిడ నా కూతురి వైపు తిరిగి రెండు చేతులూ బయటికి విసురుతూ, ఆపకుండా ఏదో చెప్పింది. ఒకసారి భుజం పట్టుకుని తోసింది కూడా.

"ఏమందే?"

"ఉండమంటోంది."

"కోళ్లను తోలినట్టు తోలుతుంటే, ఉండమనడం అంటావేంటే నువ్వు?"

అది తల దించుకుంది. మళ్లీ ఎత్తినప్పుడు దాని కళ్లలో నేనెన్నడూ చూడని కోపం ఉంది.

"మేమిక్కడికొచ్చింది పెత్తనం వదిలేసి వెళ్లడానికమ్మా. తేదీ పెట్టుకుని మరీ వచ్చాం. నా మీద నీ పెత్తనం ఏ తేదీకి వదులుతావో చెప్పు."

"నీ నోటికేంలే. విను. నా మీద ఒట్టు. ఆ బండెక్కు. నేను సరేననేదాకా మళ్లీ ఆ గడ్డ మీద కాలు పెట్టావంటే నన్ను చంపుకున్నట్టే."

నా కుడిచెయ్యి నా తల మీదే ఉంది. అల్లుడుగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"తీసెయ్యమ్మా" అంది.

"తియ్యను."

"నీ కాళ్లు పట్టుకుంటా, తీసెయ్."

"నా కాళ్లు ఇక్కడున్నాయి. వచ్చి పట్టుకో."

బయట హారన్ మోగింది. భాష తెలియకపోయినా ఆవిడకు విషయం అర్థమైనట్టే ఉంది. సంచీ తెచ్చి నా కూతురి భుజానికి తగిలించింది. నా కూతురు బల్ల అంచు పట్టుకుంది. ఆవిడ దీని వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. ఫోన్ పక్కకు వాలి, గోడ, మెట్లు, ఎవరివో బూట్లు కనబడి ఆగిపోయింది. ఆవిడ ఒక్కసారి నా వైపు చూస్తుందేమోనని ఎదురుచూశాను. చూడలేదు.

మర్నాడు దేశాన్ని అప్పజెప్పారు. ఎయిర్‌పోర్టు పక్కన ఒక హాల్లో జెండా దించారు, ఇంకోటి ఎత్తారు, చప్పట్లు కొట్టారు. మేం ఫోన్లో చూశాం. జాబితా ఆఫీసులో ఆవిడ సంతకం పెడుతున్న ఫోటో కూడా వచ్చింది. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీనైనా ఎవరో ఒకరు అక్కణ్ణించి తీసి పక్కన పెట్టాల్సింది.

నా కూతురు డబ్లిన్‌లో దిగి బస్సులో ఇల్లు చేరింది. గుమ్మంలో నేను నిలబడి ఉంటే నన్ను దాటుకుని వెళ్లి పిల్లను పట్టుకుంది. మొదట్లో ఆవిడ ఫోన్ ఎత్తేది. ఆవిడతో మాట్లాడాక నా కూతురు అన్నం తినేది. ఆ తరువాత ఓడినవాళ్ల మనుషులు ఆఫీసులోకి జొరబడ్డారని తెలిసింది. అప్పటి నుంచి ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. ఆవిడ ఇంట్లో ఉందో, ఇల్లే ఉందో, ఎవరూ చెప్పడం లేదు.

తనను అక్కడికి పంపినవాళ్లను అడిగింది నా కూతురు. మా పని ముగిసింది, ఇప్పుడది వాళ్ల దేశం, వాళ్ల ప్రభుత్వాన్నే అడగాలి అన్నారట. ఆ ప్రభుత్వానికి ఫోన్ చేస్తే, ఆ జాబితా విషయం విచారణలో ఉంది, మీరెవరు అడగడానికి అన్నారట. నిన్నటిదాకా దీని సంతకం లేనిదే ఆకు కదలని చోట, ఇవాళ ఒక మనిషి బతికుందా అని అడిగే హక్కు కూడా దీనికి లేదు.

నేను చేసింది తప్పు అని రాయడానికి ఇది మొదలుపెట్టలేదు. మళ్లీ ఆ మధ్యాహ్నం వచ్చినా నా చెయ్యి నా తల మీదికే పోతుంది. కానీ ఆవిడ ఆ రోజు చేతులు విసురుతూ తోలింది నా కూతుర్నొక్కదాన్నే. ఆవిడ్ని తోలి ఏ బండిలోనైనా ఎక్కించేవాళ్లు ఎవరూ లేకపోయారు. అన్నం కలుపుతుంటే అది గుర్తొస్తుంది. పారెయ్యలేక తింటాను.

"ఒట్టు తీసెయ్యమ్మా, వెళ్లి వెతుక్కుని వస్తా" అని నా కూతురు ఇప్పటికీ అడుగుతూనే ఉంది. కోపంగా అడుగుతుంది, మెల్లగా అడుగుతుంది, అంట్లు తోముతూ నా వైపు చూడకుండా అడుగుతుంది. నేను తియ్యనంటాను. మనవరాలు మధ్యలో దూరింది ఒకసారి.

"ఇట్స్ లైక్ ఎ పింకీ ప్రామిస్, ఈజ్ ఇట్? జస్ట్ టేక్ ఇట్ ఆఫ్, సో."

"పింకీ అంటే చిటికెన వేలేగా" అన్నాను. "ఇది తల."

మొన్న మాటామాటా పెరిగింది. "నీ ఒట్టు నువ్వున్నంత కాలమేగా" అంది నా కూతురు. అల్లుడుగారు "ఏం మాటలవి?" అని గదమాయించారు.

"అననివ్వండి. నిజమేగా" అన్నాను.

అది పైగదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది. నాకు బీపీ మాత్ర వేళయింది, వేసుకున్నాను. ఇదివరకు ఒక్కోసారి మానేసేదాన్ని, ఈ వయసులో ఇంకా ఎందుకులే అని. ఇప్పుడు మానడం లేదు. వాన పడుతున్నా గొడుగు పట్టుకుని వీధి చివరి ఇంటిదాకా నడిచి వస్తున్నాను. రాగిజావ తాగుతున్నాను. నేను పోయిన మర్నాడు అది విమానం ఎక్కుతుంది. ఆవిడ సంగతి తెలిసేదాకా నేను పోవడానికి లేదు.

రోజూ పొద్దున్నే లేవగానే అది ఆవిడ నంబరు నొక్కుతుంది. నేను వంటింటి తలుపు పక్కన చప్పుడు చెయ్యకుండా నిలబడతాను. ఈ పొద్దున కూడా ఎత్తలేదు.