ఖిల్లా మీది, ఓటమి మాది

ఆ రోజుల్లో మెదక్‌లో బట్టకు కరువు, బియ్యానికి కరువు, భయానికి మాత్రం కరువు లేదు. పోలీసు యాక్షన్‌కు కొద్ది నెలల ముందు సంగతి. పల్లెల్లో సంఘం వాళ్లు, రోడ్ల మీద రజాకార్లు. నర్సాపూర్ దారిన పోయిన మనిషి పొద్దుగూకేలోగా రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అటువంటి కాలంలో బుద్ధి ఉన్నవాడెవడూ బల్ల మీద యుద్ధం ఆడడు. మేం ఆడాం.

ఊరు విడిచిపోతూ ఒక మిషన్ దొర మా క్లబ్బుకు ఇంగ్లీషు పుస్తకం ఇచ్చిపోయాడు. (క్లబ్బంటే గొప్పగా ఊహించుకోకండి: చర్చి వెనుక రేకుల గది, ఒక బల్ల, కొందరు పడుచువాళ్లం.) వేలెడంత బొమ్మ సిపాయిలను కొలిచి జరుపుతూ, పాచికలు వేసి కొట్టుకునే ఆట అది. సిపాయిలను మిషన్‌లో వడ్రంగం చేసే నా దోస్తు చెక్కాడు; వాణ్ణి అందరం రందా అనే పిలిచేవాళ్లం. ఆట కాయిదాలను, అంటే నియమాలను, మనకు తగ్గట్టు మార్చే పని బట్టల దుకాణం వాడినైన నాకు అప్పగించారు. చెప్పిన ధరకు ఒప్పుకోవడం మా ఇంట్లో పాపం. ఒక గుర్రపురౌతు ముగ్గురు కాలిబంట్లకు సమానమని పుస్తకం అంటే ఇద్దరికి దించాను. పాచికలకు బదులు గవ్వలు, మంచుకు బదులు బురద. దొరల కోటలు మాకేం తెలుసు? మట్టితో మెదక్ ఖిల్లానే కట్టి, పక్కన చర్చి గోపురం నిలిపి, నర్సాపూర్ రోడ్డును ముగ్గుతో గీశాం. అదెంత తెలివిమాలిన పనో, ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఆడుతుండగా రందా "ఖిల్లా మీద ఫిరంగి పేల్చురా!" అని అరిచినప్పుడు తెలిసింది. తలుపు తోసుకొని పోలీసు జమేదారు లోపలికొచ్చాడు.

బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. "నక్షా గీసిండ్రు. ఖిల్లా మీదికి ఫౌజును తోలిండ్రు. ఈ బొమ్మలు చెక్కింది ఎవడు?"

రందా చేతికి ఇంకా చెక్కపొట్టు అంటుకొని ఉంది. జమేదారు ఆ చేయే పట్టుకున్నాడు. "నడువు ఠాణాకు."

ఠాణాకు పోయినవాళ్ల కథలు మాకు తెలుసు. నా నాలుక దానంతటదే బేరానికి దిగింది. "సాబ్, గిది ఉత్త ఆట. మీరే ఒకపారి ఆడి చూడుండ్రి. ఆట గాదనిపిస్తే ఇద్దర్నీ తీస్కపోండ్రి." (అడిగినదానికంటే ఎక్కువ ఇస్తానన్న బేరం నా బతుకులో అదొక్కటే. రందా నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు.)

ఆయన కూర్చున్నాడు. "ఖిల్లా నాది."

ఇక చూడండి నా పాట్లు! ఎన్నడూ నా మాట వినని గవ్వలు ఆ రోజు వేసినప్పుడల్లా నాకే పడ్డాయి. నా సిపాయిలు గోడెక్కుతుంటే నా వీపున చెమట దిగుతోంది.

"ముసురువడితే మా ఫిరంగి పేలది సాబ్," అన్నాడు రందా.

"మెట్లెక్కినోళ్లు జర దమ్ము తీసుకోవాలె. అందాక మీరే కొట్టుండ్రి," అన్నాను నేను.

"ఏ కితాబుల ఉన్నది?"

"మా క్లబ్బు కాయిదా సాబ్!"

అట్లా కాయిదా మీద కాయిదా పుట్టించి, నానా తంటాలు పడి నా ఫౌజునంతా చంపుకున్నాను. ఖిల్లా నిలిచింది. మేం ఊపిరి పీల్చుకోబోతుండగా ఆయన అన్నాడు: "నేను గెలిచేదాంక కాయిదాలు పుట్టిస్తనే ఉన్నరు. నన్ను పిచ్చోడు అనుకున్నరా?"

రందా కళ్లు మూసుకున్నాడు.

జమేదారు ఖిల్లా దర్వాజా దగ్గరి సిపాయిని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు: "సరిహద్దు దాటి అసలు ఫౌజు వస్తే గిట్ల ఆగుతదా?"

"సరుకు దిగకముందు ధర ఎట్ల చెప్పాలె సాబ్?"

ఆయన నవ్వలేదు. సిపాయిని మళ్లీ దర్వాజా దగ్గరే నిలబెట్టాడు. "ఈ ఖిల్లాను చెరిపెయ్యుండ్రి. ఇంకోడు చూస్తే కూసొని ఆడడు," అని వెళ్లిపోయాడు.

ఆయన చెప్పుల చప్పుడు ఆగిందో లేదో, రందా కళ్లు తెరిచాడు. "ఒరేయ్, ముసురు కాయిదా లేకుంటే నువ్వే గెలుద్దువు గదా!" అన్నాడు. ప్రాణాలు దక్కినవాళ్లం దేవుడికి దండం పెట్టుకోవాలా వద్దా? పొద్దుగూకేదాకా ఆ కాయిదా మీదే కొట్లాడుకున్నాం.

ఆ వేళ నాకు ఆయన బెల్టు, మీసాలు తప్ప మరేమీ కనబడలేదు. నేను ఆయన వయసు దాటిన ఎన్నో ఏళ్లకు గాని తట్టలేదు, ఆ గదిలో భయపడ్డది ముగ్గురమని. సరుకు పట్టి చూడగానే ధర కట్టేవాణ్ణని ఎంత గర్వమో నాకు! ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం చదవలేకపోయాను.