కోత పండగకు తెచ్చిన సీసా

మొన్న సాయంత్రం టీవీలో, నాచు నుంచి తీసిన నూనెతో ఇకముందు విమానాలు ఎగురుతాయని చెబుతుంటే, మా ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్లి టీవీ కట్టేసి వచ్చి, ఇంకో ముద్ద తినకుండానే చెయ్యి కడుక్కున్నారు.

రొయ్యల చెరువులున్న ఊళ్లో పుట్టినవాళ్లకి తెలుసు, నీటి మీద నాచు దట్టంగా తేలిందంటే రైతుకి ఆరోజు అన్నం సయించదు. అలాంటి నాచునే పెంచమని, రేపు బంకుల్లో పెట్రోలుకి బదులు దాని నూనే పోస్తారని, చాలా ఏళ్ల కిందట దివిసీమలో మా ఊరికి ఒక కంపెనీ ఆయన వచ్చి చెప్పాడు. మాకున్నది ఒకటే చేను, ఏడాది పొడుగునా ఇంట్లో ఉడికే బియ్యం దానివే. నాచుకి ఉప్పునీళ్లు మంచివన్నాడని మా ఆయన ఆ చేనునే చెరువుగా తవ్వించి, సముద్రపు పోటు ఎక్కే ఏటి తూము ఎత్తబోతుంటే మా అత్తగారు గట్టు మీద కూలబడిపోయింది.

“ఆనాడు ఉప్పెన మనల్ని అడక్కుండా వచ్చిందిరా. నువ్వు తలుపు తీసి పిలుస్తున్నావు.”

నాచు బాగానే పెరిగింది, ఎవరూ కాదనలేరు. కంపెనీ వాళ్లు అందులోంచి తీసిన నూనె చిన్న సీసాలో పోసిస్తే, మా ఆయన పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చారు. మా చర్చిలో కోత పండగకి ఎవరి చేలో పండింది వాళ్లు మొదట దేవుడికి తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం పాడుకోవడం తాతల నాటి అలవాటు కదా, ఆ ఏడు అందరూ వరికంకులు తెస్తే ఈయన ఆ సీసా తెచ్చారు. వరసకి బావ అయ్యే పక్కచేను ఆయన ఊరుకుంటాడా!

“ఏం బావా, కషాయం తెచ్చావ్? ప్రభువుకి దగ్గు పట్టిందా ఏంటి?”

చర్చి అంతా నవ్వింది, మా ఆయనా నవ్వారు. గుమ్మడికాయలకి, కోళ్లకి పోటీలు పడి పాడినవాళ్లు, పాస్టరుగారు సీసా ఎత్తి చూపించేసరికి ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి మా అత్తగారే లేచి, “నేను పాడానండీ, ఇలా ఇచ్చెయ్యండి” అని దాన్ని కొంగులో చుట్టుకుంది.

మరుసటి వేసవికి కంపెనీ వాళ్లు రావడం మానేశారు. తీసే ఖర్చుకి నూనె ధర ఎక్కడా అందలేదని తర్వాత ఎవరో చెప్పారు. చెరువు పూడ్చి, కాలవ నీళ్లు పెట్టి ఎన్నిసార్లు కడిగినా చేను తెల్లగా ఉప్పు పొక్కులెక్కిందే తప్ప నారు నిలబడలేదు. గింజ కళ్ల చూడకుండానే మా అత్తగారు పోయింది.

టీవీలో చెప్పింది నిజమే కావచ్చు, విమానాలు ఎగరనూవచ్చు. మా ఇంట్లో మాత్రం కొత్తబియ్యం ఉడికే వాసన ఆ తూముతోనే పోయింది. ఇప్పుడు గుడివాడ నుంచి బస్తా తెచ్చుకుంటున్నాం. ఆనాడు కషాయమన్న ఆ బావే, ఏటా కోత పండగ ముందురోజు ఒక కంకుల కట్ట మా అరుగు మీద పెట్టి, పిలవకుండా వెళ్లిపోతాడు. దాన్నే చర్చికి తీసుకెళ్తాం. పండించిన చేతుల్ని దీవించమని పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే, అందరూ చేతులు పైకెత్తుతారు. మా ఆయన వెనక్కి కట్టుకుంటారు.