అంకమ్మ పిన్ని తూర్పుగోడ

2023 చలికాలం. నరసరావుపేటలో ఆర్కిటెక్ట్ ఆఫీసు తెరిచి నాలుగేళ్లయింది. గోడౌన్లు, కల్యాణమండపాలు గీసి గీసి విసుగెత్తిన నాకు అసలైన పని ఒకటి తగిలింది. తోలుబొమ్మలు చేసే అంకమ్మ పిన్ని వచ్చి, నేర్చుకునే ఆడపిల్లలతో కలిసి పనిచేసుకోవడానికి ఓ స్టూడియో కట్టిపెట్టమంది. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం సయించలేదంటే నమ్మండి!

మా వాడుకలో కాన్సెప్ట్ అంటే కట్టడం మొత్తాన్ని నడిపించే ఒక్క ఆలోచన. అది నాకు ఇట్టే దొరికింది. పిన్ని మేకతోలుకు ఉలితో సన్నని చిల్లులు పొడుస్తుంది. వాటిలోంచి వెలుగు వస్తేనే బొమ్మ నగలు మెరుస్తాయి. మరి గోడనే బొమ్మలా చేస్తే? ఆమె చేసిన నాట్యగత్తె బొమ్మ నగల చిల్లులను తూర్పువైపు నిలువెత్తు ఇనుప రేకు మీద సీఎన్‌సీ మిషన్‌తో కోయించాను. కంప్యూటర్‌లో గీసిన గీతను అచ్చంగా కోసే యంత్రమది. గృహప్రవేశం నాడు పొద్దుటి ఎండ నేలంతా ముత్యాలు చల్లింది. వచ్చినవాళ్లంతా ఫోన్లు తీశారు. నేనైతే గాల్లో తేలిపోయాను.

పది రోజులాగి పొద్దున్నే వెళ్తే, పిన్ని పాత ఇంటి వసారాలో ఊరికే కూర్చుని ఉంది.

"ఏంది పిన్నీ, స్టూడియో నచ్చలేదా?"

"చానా బాగుందమ్మాయ్. నా కళ్లే పోయినయ్."

సగం చేసిన రాజుగారి బొమ్మ చూపింది. బుగ్గ మీద అక్కర్లేని చిల్లు.

"నెల్లాళ్ల పని. సుద్దచుక్క పెట్టుకుని, దానిమీదే ఉలి దించా. కాసేపాగి చూస్తే నే పెట్టిన చుక్క ఇంకోచోట ఉంది. ఇంక మానేస్తున్నా. పిల్లల్ని గూడా రావద్దన్నా."

చుక్క ఇంకోచోట ఉందనగానే నాకు అనుమానమొచ్చింది. ఆమెను చెయ్యిపట్టి స్టూడియోకి లాక్కెళ్లి, ఆమె చోట్లో కూర్చుని, ఒళ్లో ఓ తోలు పరుచుకున్నాను. తోలు నిండా తెల్ల చుక్కలు! ఏది సుద్దో, ఏది ఎండో నాకే తెలియలేదు. ఎండ జరిగేకొద్దీ చుక్కలూ జరుగుతున్నాయి.

"పిన్నీ, నీ కళ్లకేం కాలేదు! తప్పు నా గోడది. రేపే రేకు పీకిస్తా."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! కంటి డాక్టరు కాడికి పోదామనుకుంటున్నానే!" పిన్ని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పీకటమేంది? ఆగు."

ఆటకు కట్టే తెల్లటి తెర తెచ్చింది. ఇద్దరం కలిసి రేకు లోపలివైపు కట్టాం. చుక్కలన్నీ కరిగి గోడంతా ఒకే వెలుగైంది. పిన్ని రాజుగారిని ఆ తెరకు ఆనించి ఎత్తింది. ఎరుపు, పసుపు, కిరీటంలో ప్రతి చిల్లూ ధగధగా! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

"బుగ్గన దిష్టిచుక్క ఉందిలే రాజుగారికి" అని, అప్పటికప్పుడు పిల్లలకు ఫోన్ చేసింది. "రేపు పొద్దున్నే రండే!"

ఇప్పుడు ఏ స్టూడియో కట్టినా, తాళాలిచ్చే ముందు పని జరిగే వేళకు అక్కడ పనిచేసేవాళ్ల చోట్లో కూర్చుని చూస్తాను. ఆ పది రోజులూ పిన్ని తన కళ్లనే తిట్టుకుంది. నా గోడను ఒక్క మాట కూడా అనలేదు.