మా ఇంట్లో పలకని పేరు

నెలలు నిండక పుట్టిన నా కొడుకును ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టిన మూడో రోజు పొద్దున, మా అమ్మ అప్పటిదాకా కడుపులో దాచుకున్న మొక్కు సంగతి బయటపెట్టింది. పోయిన పీర్ల పండుగకు మా ఊళ్లో పెండ్లికొడుకు పీరుకు దట్టీ గుడ్డ కట్టి, కోడలి కడుపు ఈసారైనా నిలిస్తే పుట్టిన పిల్లకు నీ పేరే పెట్టుకుంటానని మాటిచ్చిందట. నాకు చెప్పలేదు, నా భార్యకు చెప్పలేదు, ముఖ్యంగా మా నాయనకు చెప్పలేదు. ఇప్పుడు రాయచూరు ఆసుపత్రి వరండాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"ఇచ్చిన మాట తప్పినం. అందుకే పిల్లగానికి గిట్ల అయితుంది" అంది.

"పుట్టి మూడు దినాలే కదమ్మా, తప్పింది ఎక్కడ?" అన్నాను. నాకు కోపం వచ్చింది. కోపం కంటే భయమే ఎక్కువ.

వాడు ఏడో నెలలోనే పుట్టాడు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. నాకు నలభై దాటాయి, నా భార్యకు ముప్పై ఏడు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉంది, మందు ఎక్కిస్తున్నాం, చూద్దాం అన్నాడు డాక్టరు. డాక్టర్లు 'చూద్దాం' అంటే ఏమిటో ఆ బెంచీ మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది. రోజూ పొద్దున అద్దాల గది నుంచి నర్సమ్మ తల బయటికి పెట్టి, "ఇన్నూ హెసరు ఇట్టిల్వా?" అని కన్నడంలో అడిగేది, ఇంకా పేరు పెట్టలేదా అని. పెట్టెకు అతికించిన కాగితం మీద తల్లి పేరు ఉంది. పిల్లవాడి పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

ఆ పీరు పేరు కాసిం. రాయడానికి నాకిప్పుడు ఏమీ అడ్డం లేదు కానీ, ఆ రోజు దాకా మా ఇంట్లో ఆ పేరును ఎవరూ పైకి అన్నది లేదు. మా వైపు హిందువుల ఇళ్లలో పీర్ల పేర్లు కొత్త కాదు. మా వీధిలోనే హుస్సేనప్పలు ఇద్దరు, మౌలాలి ఒకడు, ఫకీరమ్మలు లెక్కలేనంతమంది. పిల్లలు నిలవని ఇంట్లో పీరుకు మొక్కడం, పుడితే ఆ పేరు పెట్టడం, పండుగ నాడు వాడి చేత ఫకీరు వేషం వేయించి ఐదిళ్లు అడుక్కురమ్మనడం మా తాతల నాటి నుంచీ ఉంది. అయినా కాసిం పేరు మాత్రం మా గడప దాటి లోపలికి రాలేదు. మా అమ్మ కూడా 'పెండ్లికొడుకు సామి' అనే అనేది. యుద్ధానికి పోయే ముందు పెళ్లయినవాడని ఆ పీరుకు మావాళ్లు బాసింగం కట్టేవాళ్లు. పీరు మా వాకిట్లోకి వచ్చినప్పుడు మా నాయన కూడా బిందెడు నీళ్లు తెచ్చి, ఎత్తుకున్నవాడి కాళ్ల మీద పోసేవాడు. చేతులతో మొక్కేవాడే తప్ప, నోటితో పేరు తీసేవాడు కాదు.

ఎందుకో నాకు చిన్నప్పుడే తెలుసు. రజాకార్లు మా ఊరి మీద పడ్డప్పుడు మా నాయనకు ఆరేళ్లో ఏడేళ్లో. మా తాతను చేనులోంచి పట్టుకుపోయారు. పీర్ల చావిడి చూసుకునే ముజావరు మా నాయనను, మా అవ్వను చావిడిలోకి లాగి, పీర్లను దాచే కొయ్య పెట్టె వెనక కూర్చోబెట్టి తలుపు మూశాడు. ఆ రజాకార్ల నాయకుడి పేరు కూడా కాసిమే. తలుపు సందులోంచి మా నాయన చెవిలో పడ్డది ఆ పేరుకు కొడుతున్న జిందాబాదులు. మా తాత మళ్లీ రాలేదు. శవమైనా రాలేదు.

మొక్కు సంగతి తెలిసిన సాయంత్రమే నేను బస్సెక్కి ఊరికి పోయాను. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని, మంత్రాలకు చింతకాయలు రాలవని క్లాసులో వందసార్లు అన్నవాణ్ని, ఇప్పటి ముజావరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన నాటి ముజావరు కొడుకు, మా నాయన ఈడువాడు. గుడ్డలో ఇంత ఊది కట్టి ఇచ్చి, "పేరు ఎవరు పడితే వాళ్లు పెట్టేది గాదు బిడ్డా. ఇంటికి పెద్దోడు పిల్లగాని కుడిచెవుల మూడుసార్లు అనాలె. మీ నాయన్ని అడుగు" అన్నాడు. తర్వాత ఊది అంటిన చేతులు దులుపుకుని, "అడిగి సూడు" అన్నాడు.

తెల్లారి ఆసుపత్రికి తిరిగి వచ్చి అడిగాను. మా నాయన బెంచీ మీద కర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, "ఆ పేరు నా ఇంట్ల వద్దు" అన్నాడు.

"నిన్ను దాసింది ఆ పీరే గద" అంది అమ్మ.

"నన్ను దాసిన పీరు మా నాయనను ఎందుకు దాయలె?"

అమ్మ మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ఊరుకుంటే నేను పంతుల్నెందుకవుతాను? మస్కిలో డిగ్రీ పిల్లలకు చెప్పే పాఠం ఆసుపత్రి వరండాలో ఎత్తుకున్నాను. నా దగ్గర ఉన్న ఆయుధం అదొక్కటే. ఆ పేరు ఆ ఒక్కడిదే కాదు నాయనా అన్నాను. అరబ్బీలో దానికి పంచిపెట్టేవాడని అర్థం అన్నాను. ప్రవక్తకు పుట్టిన మొదటి కొడుకు పేరు అదే, వాడు పసితనంలోనే పోయినా తండ్రిని జనం జీవితమంతా 'కాసిం తండ్రి' అనే పిలిచారన్నాను. కర్బలాలో పోయినవాడు మీసాలైనా రాని పిల్లవాడు, నువ్వు ఏటేటా కాళ్లకు నీళ్లు పోసేది వాడికే కదా అన్నాను. బానిసగా దిగి బీదరు కొలువులో మంత్రి అయి, సుల్తానును ఆడించి రాజ్యమేలిన కాసిం ఉన్నాడన్నాను. బెంగాల్లో నవాబు ఒకాయన కంపెనీవాళ్లతో కొట్లాడి ఓడిపోయి, ఢిల్లీ దగ్గర దిక్కులేకుండా చచ్చిపోతే, ఒంటిమీది శాలువా అమ్మి సాగనంపారంటారని అన్నాను.

చెప్తూ చెప్తూ నాకే భయం వేసింది. బీదరు మంత్రిని పక్కన పెడితే ఇందులో చల్లగా నూరేళ్లు బతికినవాడు ఒక్కడూ లేడు. కొడుకు బతకాలని పేరు అడుక్కుంటున్నవాణ్ని, చిన్నప్పుడే పోయినవాళ్లనూ దిక్కులేక పోయినవాళ్లనూ ఏరి ఏరి వరసపెడుతున్నాను. అక్కడితో ఆపేశాను.

"అయిందా నీ పాఠం?" అన్నాడు నాయన.

"అయింది."

"నువ్వు సదివినవు కొడకా. నేను ఇన్న."

అంతే అన్నాడు. ఇప్పటికీ క్లాసులో బెంగాలు నవాబు దగ్గరికి వచ్చేసరికి పిల్లల చేతే ఆ పేజీ చదివించి, నేను కిటికీ దగ్గరికి పోతాను.

ఐదో రోజు పిల్లవాడి ఒళ్లు పసుపు రంగుకు తిరిగింది. నా భార్య కుట్ల నొప్పితోనే గోడ పట్టుకుని వచ్చి, అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడింది. వాడికి పాలు పట్టే స్థితి లేదు. ఆమెకేమో పాలు పొంగుతున్నాయి, గిన్నెలోకి పిండుకుని నర్సుకు ఇచ్చేది. "మీ పంచాయితీ ఎప్పుడు ఒడుస్తది?" అని నన్ను ఒక్కసారి అడిగింది.

నేను సిగ్గు విడిచి నాయనతో బేరం పెట్టాను. "నువ్వు అనకు. లోపలికి పోయి ఊరికే నిలబడి రా. అన్నానని అమ్మకు చెప్పు. ముసలిది కుదుటపడుతది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "అబద్ధమాడితే పిల్లగానికి తగుల్తది రా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. మూఢనమ్మకం లేని మొనగాడు మా నాయన, అందుకే మొండికేశాడని ఎక్కడో నా లోపల ఇంత గర్వం కూడా ఉండేది. కాదు. ఆ పేరుకు బలం ఉందని మా అందరికంటే ఎక్కువ నమ్మినవాడు ఆయనే. పిలిస్తే వస్తుందని ఆయన భయం. వచ్చేది పీరో, ఆ రోజు తలుపు బయట నిలబడ్డవాళ్లో ఆయనకు తెలియదు.

ఆరో రోజు మధ్యాహ్నం బెంచీ మీద ఆయన లేడు. వెతుక్కుంటూ పోతే గేటు బయట చాయ్ అంగడి వెనక, ఎండలో, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి పోయి విన్నాను. 'కా' అని ఆగుతున్నాడు. మళ్లీ 'కా' అంటున్నాడు. ఎనభై దాటిన మనిషి, చెమట కారుతూ, ఒక్క పేరు కోసం గోడతో కుస్తీ పడుతున్నాడు. నన్ను చూసి, "రేపు పోతా లోపలికి. నర్సమ్మకు చెప్పు" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ఏడో రోజు పొద్దున నర్సమ్మ ఆయనకు పచ్చగౌను తొడిగింది, మూతికి మాస్కు కట్టింది, చేతులు కడిగించింది. ఐదు నిమిషాలే అంది. నేను అద్దంలోంచి చూశాను. ఆయన పెట్టె మీదికి వంగాడు. ఊది గుడ్డ చేతిలో ఉంది. పిల్లవాడి చెయ్యి ఆయన బొటనవేలంత కూడా లేదు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. అమ్మ నా పక్కన నిలబడి దండం పెట్టుకుంటోంది. నర్సమ్మ భుజం తట్టింది. ఆయన బయటికి వచ్చాడు.

"అన్నవా?" అంది అమ్మ.

మాస్కు తీయకుండానే తల అడ్డంగా ఊపాడు. "రాలె. గొంతుల్నించి రాలె."

అప్పుడు నేను మా నాయనను తిట్టాను. ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాటలు అన్నాను. చచ్చిన తండ్రి కోసం బతికున్న మనమణ్ని చంపుతున్నావు అన్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా చూశారు.  ఆయన పచ్చగౌను విప్పి, మడత పెట్టి, నర్సమ్మ చేతికిచ్చి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

ఎనిమిదో రోజు తెల్లవారాక వాడు పోయాడు.

పేరు పెట్టి ఉంటే బతికేవాడని నేను అనను. రక్తంలో చేరిన పురుగుకు పేర్లు వినపడవు. ఆ మాట నాకు ఎంత బాగా తెలుసో, మా నాయన మీద కోపం ఈ రోజుకూ పోలేదన్నది కూడా అంతే నిజం. రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని ఇంకొకటి వెళ్లగొట్టలేదు.

నా భార్య వాణ్ని గుడ్డలో చుట్టి కాసేపు ఒళ్లో పెట్టుకుంది, తర్వాత తనే ఇచ్చేసింది. కుట్లు ఆరలేదు కాబట్టి ఆమెను కదలనివ్వలేదు. తోడుగా అమ్మ ఉండిపోయింది. నేనూ నాయనా ఆటోలో ఊరికి పోయాం. దారి పొడుగునా వాడు ఆయన ఒళ్లోనే ఉన్నాడు. నేను తీసుకుంటానంటే ఇవ్వలేదు.

మాలో పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. మా పత్తిచేను గట్టున గుంత తవ్వించి ఉంచాడు ముజావరు. ఇంత చిన్న గుంత తవ్వడానికి ఎంతోసేపు పట్టదు. నేను దిగి వాణ్ని పడుకోబెట్టాను. పైకి వచ్చి మన్ను వేయబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. పేరు లేకుంట పంపొద్దు" అన్నాడు.

కర్ర పక్కన పడేశాడు. రెండు చేతులు నేల మీద ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని, తల గుంతలోకి వంచాడు. చెవి దాకా అందలేదు. అందుకని గట్టిగా అన్నాడు. "కాసిం" అన్నాడు. చేనులో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు. "కాసిం" అన్నాడు. మూడోసారి అనేటప్పుడు గొంతు పగిలింది, అయినా పూర్తిగా అన్నాడు. ముజావరు ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. ఇద్దరు ముసలివాళ్లు అట్లా ఉండగా నేను మన్ను వేశాను. నిన్న రాని గొంతు ఇవాళ ఎక్కడినుంచి వచ్చిందని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

సాయంత్రం నేను ఒక్కణ్నే ఆసుపత్రికి తిరిగి వచ్చాను. నా భార్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అమ్మ కింద చాప మీద ఉంది. నేను కాళ్లు కడుక్కుని వచ్చాను.

"పేరు పెట్టిండ్రా?" అంది నా భార్య.

"పెట్టినం."

"మామ పెట్టిండా?"

"మూడుసార్లు అన్నడు."

అమ్మ కొంగులో మొహం పెట్టుకుంది.  నా భార్య రవిక ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. పొద్దుటినుంచి పిండలేదు. తలుపు వైపు తిరిగి, గట్టిగా కాదు, పక్క గదిలో ఆడుకుంటున్నవాణ్ని పిలిచే గొంతుతో పిలిచింది.

"కాసిం. పాలు తాగుదువు రా బిడ్డా."