ఖాళీ లైన్లు

నా కంప్యూటర్‌లోని ముప్పై ఒక్క ఫైళ్లలో ఖాళీ లైన్లన్నీ ఒక్క క్షణంలో పోయాయి. పోగొట్టినాయన హూడిలో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కార్మికుల మాటలతో తెస్తున్న మా పుస్తకానికి సాయం చేద్దామని యలహంకలో మా ఇంటి దాకా వచ్చిన మంచి మనిషి. అందుకే గట్టిగా తిట్టలేకపోయాను, కోపం లోపలే ఉడికింది.

ఆ ఫైళ్లు హెబ్బగోడిలోని ఒక ఫ్యాక్టరీ కార్మికులతో నేను జరిపిన సంభాషణలు. పేర్లు రాయనని మాటిచ్చాను. అందుకని ఒకరి మాట ముగిసి ఇంకొకరిది మొదలయ్యే చోట ఒక లైను ఖాళీగా వదిలేవాణ్ణి. అదొక్కటే గుర్తు. రికార్డింగులు కూడా ఇచ్చిన మాట ప్రకారం చెరిపేశాను.

అన్నిటిలోనూ కంపెనీ పేరు తీసి ‘ఫ్యాక్టరీ’ అని మార్చాలి. ఒక్కొక్కటీ తెరిచి మారుస్తానంటే ఆయన నవ్వాడు.

"ఏ కాలంలో ఉన్నారు సార్? చిన్న బ్యాచ్ ఫైల్ చాలు."

విండోస్ చేయాల్సిన పనులను వరసగా రాసిపెట్టే ఫైలు అది. ఒక్కో లైనూ చదివి, పేరు మార్చి, పాత ఫైలు మీదే తిరిగి రాయమని అందులో రాశాడు. ఆ పద్ధతి ఖాళీ లైను వస్తే దాటేసి పోతుందట. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు.

"తెలిసీ ఎందుకు చేశారండీ?"

"ఎంప్టీ లైన్లే కదా సార్! డేటా ఒక్క అక్షరం పోలేదు, చెక్ చేసుకోండి."

"ఏ మాట ఎవరన్నారో పోయింది."

"బ్యాకప్ ఉంటుంది కదా?"

లేదు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ పాత ప్రూఫులు కూడా పారేయని నేను ఒక్క నకలు దాచుకోలేదు. ఆ తప్పు నాది. కానీ ఒక్క ఫైలూ తెరిచి చదవకుండానే అందులో ఏది అక్కరలేదో ఆయన తేల్చేశాడు. దాన్ని మాత్రం ఈ రోజుకీ క్షమించలేను.

జ్ఞాపకం మీద చాలావరకు విడదీశాను. మిగిలింది ఒక ఫైలు. ఒకే గదిలో ఉండే ఇద్దరు ఆడవాళ్లతో మాట్లాడింది. ఫ్యాక్టరీలో మంటలు లేచాక ఒకావిడ పని మానేసింది. ఆవిడ నాకు ముందే చెప్పింది: "నా మాటలు దాని నెత్తిన పడనియ్యొద్దన్నా. అది ఇంకా ఆడనే పని చేస్తా ఉండాది."

హెబ్బగోడి వెళ్లాను. ఆ గదిలో వేరేవాళ్లున్నారు. ఇద్దరి ఫోన్లూ కలవడం లేదు.

"మంటలు లేసినప్పుడు గేటుకు తాళమేసి ఉండాది, తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉండాది" అన్నది ఆ ఇద్దరిలో ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.