మా ఆయన చెప్పులు, సారుగారి ఢిల్లీ

మా ముఖ్యమంత్రి ప్రధానమంత్రి కావాలని మా ఆయన చెప్పులు మానేశాడు. నిజమే చెబుతున్నాను. "సారు ఢిల్లీ గద్దె ఎక్కేదాక చెప్పులేసుకోను" అని గుట్ట మీద నరసింహస్వామికి మొక్కుకుని వచ్చాడు. అసలే షుగరున్న మనిషి. నేను ఒంటికాలి మీద లేచాను.

"ఢిల్లీ గద్దెకీ మీ కాళ్లకీ ఏం సంబంధమండీ?"

"నీకు తెల్వదు, జర ఊకో."

నాకెందుకు తెలియదు? పోచంపల్లి పక్క పల్లెలో ఈయన అన్న, మా బావగారి మగ్గం మూలన పడితే, సర్కారు బడి పిల్లల యూనిఫాం బట్టంతా చేనేతవాళ్లే నెయ్యాలన్నాడు సారు. మగ్గం మళ్లీ ఆడింది. రెండో ఏడాదికే ఆర్డర్లు తగ్గాయని బావగారు ఫోన్లో మొత్తుకుంటే, "సారు ఢిల్లీకి పోనియ్యి అన్నా, అన్నీ సక్కగైతయి" అనేవాడు ఈయన.

ఎండాకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల కొట్టు నుంచి మెట్రో మెట్ల దాకా తారు మీద గెంతుతూ నడిచేవాడు. ఇంటికొచ్చాక బొబ్బలకు మందు రాస్తూ ఈయననీ సారునీ కలిపి తిట్టేదాన్ని. మానని పుండు చూసి ఎల్బీ నగర్ డాక్టరు, ఇలాగే తిరిగితే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు. అయినా వింటేనా! నేను కొన్న మెత్తటి చెప్పులు గుమ్మం పక్కన అలాగే పడి ఉన్నాయి.

అప్పుడు బయటపడింది కుంభకోణం. చేనేత పేరు రాసి మిల్లు బట్ట కొన్నారట, ఫైలు మీద సారు సంతకమేనట. ఢిల్లీలో చెయ్యి కలిపిన నాయకులంతా ముఖం చాటేశారు. నాకైతే లోపల సంబరమే. పీడా పోయింది, ఇక చెప్పులేసుకుంటాడనుకున్నాను.

"అంతా కుట్ర! ఢిల్లీకి పోతడని ఓర్వలేక గిట్ల జేస్తున్నరు" అని కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లతోనూ కొట్లాడాడు.

ఆదివారం మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నాం. పై వాటాలో కిరాయికుండేవాళ్ల అమ్మాయిది సర్కారు బడి. ఆ పిల్ల కొత్త యూనిఫాం తీగ మీద ఉంది. పెళ్లయ్యేదాకా మగ్గం మీద కూర్చున్న మనిషి కదా, ఈయన దాని అంచు రెండు వేళ్ల మధ్య నలిపాడు. మళ్లీ నలిపాడు. ఎండకేసి పట్టి చూశాడు.

"ఏంటండీ?"

"మిల్లు బట్టనే" అన్నాడు. అంతే, కిందికి దిగిపోయాడు.

మర్నాడు పొద్దున టీవీలో సారు రాజీనామా చేస్తున్నానన్నాడు. ఢిల్లీ ఆశ కూడా లేదన్నాడు. అన్ని తిట్లు తిట్టిన నాకే జాలేసింది. మా ఆయన అటు చూడనే లేదు. కొట్టు తాళాలు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, పుండు ఒరుసుకోకుండా మెల్లగా చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"సరిపోయాయా?"

"మంచిగనే ఉన్నయే" అన్నాడు, తల ఎత్తకుండా.

దీనికోసమే కదా ఇన్నాళ్లూ ఈ మనిషితో పోట్లాడాను! మెట్ల మీద చెప్పుల చప్పుడు కింద దాకా వినిపించింది. వెనక్కి పిలిచి, తీసెయ్యండి, మీ ఇష్టం వచ్చినట్టే నడవండి అనాలనిపించింది. వంటింట్లోకి పోయి బోరుమన్నాను.