చాప మీద కెమెరా

అనకాపల్లి బెల్లం మార్కెట్లో సత్యరాజు అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తల తిప్పుతారు గాని, కెమెరా సత్యరాజు అంటే అతనొక్కడే. ఒక వర్తకుడి కొట్లో కాటా దగ్గర నిలబడి బెల్లం దిమ్మలు తూయించడం అతని పని. ఆ పనిలో అతనికి మంచి పేరూ లేదు, చెడ్డ పేరూ లేదు. పేరు తెచ్చిపెట్టింది 2005లో విశాఖపట్నం వెళ్లి కొనుక్కొచ్చుకున్న హ్యాండీక్యామ్. అరచేతిలో ఇమిడిపోయే వెండిరంగు వస్తువు. అగ్గిపెట్టెకు అన్నలాంటి చిన్న కేసెట్టు అందులో పెట్టాలి. పక్కన చిన్న తలుపులా తెర తెరుచుకుంటుంది. వెనకాల బొటనవేలి కింద ఎర్ర మీట ఉంటుంది. ఒకసారి నొక్కితే రికార్డు మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. విద్య అంతా అంతే. ఈ కాస్త విద్య పట్టుబడేసరికి అతను ఊళ్లో దేన్నీ వదల్లేదు.

లారీలోంచి దిమ్మలు దిగుతుంటే తీశాడు. స్టేషనుకు పోయి రైలు వచ్చి ఆగడం తీశాడు, ఆగిన రైలు వెళ్లిపోవడం తీశాడు. తెలిసినవాళ్లెవరూ ఎక్కలేదు, దిగలేదు, అయినా తీశాడు. పక్కింటి కనకమహాలక్ష్మి డాబా మీద వడియాలు పెడుతుంటే తీశాడు. ఆ సంగతి తెలిసి ఆవిడ మర్నాడు పట్టుచీర కట్టుకుని మళ్లీ వడియాలు పెట్టింది. మార్కెట్లో మూటలు మోసే పైడిరాజుకు మాత్రం వేరే కోరిక ఉంది.

"బావా, నాను మూట మోత్తన్నప్పుడు కాదు, కాలు మీద కాలేసుకు కూకున్నప్పుడు తియ్యి. మా ఇంటోళ్లకి సూపిద్దుగాని," అన్నాడు.

సత్యరాజు అలాగే తీసి, ఆ ఇంటిల్లిపాదినీ ఆదివారం పిలిచి, టీ ఇచ్చి మరీ టీవీలో చూపించాడు. మనిషి అంత మంచివాడు. కాకపోతే చూపించేటప్పుడు ఎవరైనా మధ్యలో లేస్తే అతనికి ఒళ్లు మండేది.

ఇంతమందిని తీసిన కేసెట్లలో ఒక్క మనిషి మాత్రం ఉండదు. ఆమె అతని భార్య స్వర్ణకుమారి. కెమెరా పైకి లేచిందంటే చాలు, ఆమెకు వంటింట్లో పని గుర్తొచ్చేది. వెంటపడి తీసిన ముక్కల్లో ఆమె వీపు ఉంది, జడ ఉంది, కోపంతో విసిరిన తువ్వాలు ఉంది. మొహం లేదు, గొంతు అసలే లేదు. ఆ గొంతు కోసమే సత్యరాజు ఆరాటమంతా. వాళ్ల చర్చి సంఘంలో పాట ఎత్తేది స్వర్ణకుమారే, కెమెరా కనబడితే మాత్రం పక్కవాళ్లకు వదిలేసేది. ఆమె గొంతు లేస్తే వెనక వరసలో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారని అతను మార్కెట్లో చెప్పుకునేవాడు. చంటిపిల్లల మాట ఎలా ఉన్నా, అతను మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోయేవాడు. ఈ మాట పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెతో ఒక్కసారీ అనలేదు. ఎలా అనాలో తెలియకే కెమెరా కొన్నాడనుకోవాలి.

కొన్న కొత్తలో ఒక పొరపాటు చేశాడు. గుడిలో ప్రార్థన జరుగుతుంటే, తలలు వంచుకున్న వాళ్లందరినీ వరసపెట్టి తీశాడు. ఇంటికొచ్చాక స్వర్ణకుమారి కడిగిపారేసింది. జనం కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుకుంటుంటే, మీరు కళ్లు తెరుచుకుని వాళ్ల మొహాలు తీయడమేమిటని నిలదీసింది. ఆ రోజు నుంచి ప్రార్థన అన్న మాట చెవిన పడగానే సత్యరాజు ముందు కళ్లు మూసుకునేవాడు, తర్వాత వేలితో తడుముకుని మీట నొక్కి కెమెరా ఆపేవాడు. అందుకే అతని కేసెట్లలో పాటలుంటాయి, ప్రసంగాలుంటాయి, ప్రార్థన ఒక్కటీ ఉండదు.

ఇలా ఉండగా స్వర్ణకుమారి మెడ దగ్గర గడ్డ లేచింది. థైరాయిడ్ గడ్డ అని, ఆపరేషన్ చేసి తీసెయ్యాలని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. మాటకు పనికొచ్చే నరం ఆ గడ్డను ఆనుకునే పోతుందట. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి గొంతు మారిపోతుందని కూడా దాచకుండా చెప్పాడు. బస్సెక్కి తిరిగొచ్చారు. ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ సత్యరాజు అడిగాడు, ఆపరేషన్‌కు ముందు ఒక్క పాట పాడమని, కెమెరాలో ఉంచుకుంటానని.

"పాడతాను," అంది. "కానీ ఆ కన్ను నా మొకమ్మీద ఎట్టొద్దు. సాప మీద ఓ వార పెట్టండి. మీరు కూడా అందులోకి తొంగి సూడొద్దు."

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాస్టరు స్టీవెన్ గారు వచ్చారు, సంఘంవాళ్లు వచ్చారు, ముందుగదిలో చాపలు నిండిపోయాయి. సత్యరాజు ఇచ్చిన మాట ప్రకారం కెమెరాను స్వర్ణకుమారి మోకాలి పక్కనే చాప మీద పెట్టాడు. తెర మూసేశాడు. రికార్డు అయ్యేటప్పుడు ముందువైపు వెలిగే చిన్న దీపం కూడా తనను చూస్తున్నట్టుందని ఆమె అంటే, దాని మీద ప్లాస్టరు ముక్క అంటించాడు. బైబిలు వాక్యం చదవడం అయ్యింది. స్వర్ణమ్మ పాడుతుందని పాస్టరు గారు అనగానే సత్యరాజు చెయ్యి చాచి మీట నొక్కాడు. తెర మూసి ఉంది, దీపం మీద ప్లాస్టరు ఉంది. సరిగా పడిందో లేదోనని ఇంకోసారి గట్టిగా నొక్కాడు.

ఆమె పాడింది. రేపటి సంగతి గదిలో అందరికీ తెలుసు గనుక ఎవరూ కదల్లేదు. సత్యరాజు తల దించుకుని చాప అల్లిక చూస్తూ విన్నాడు. ఇంక పోయినా పోదు, పట్టేశాను అనుకుని లోలోపల ధైర్యం చెప్పుకున్నాడు.

పాట కాగానే అందరం ప్రార్థన చేద్దామన్నారు పాస్టరు గారు. ఆ సంఘంలో ఒకరి తర్వాత ఒకరు చెయ్యరు. అందరూ ఒక్కసారే, ఎవరి ప్రార్థన వారు పైకే చేసుకుంటారు. గదంతా హోరెత్తిపోతుంది. ఎవరి మాట పక్కవాళ్లకు అందదు. దాని సుఖమే అది. అత్త మీద చెప్పుకున్నా, మొగుడి మీద చెప్పుకున్నా దేవుడికి తప్ప ఇంకొకరికి తెలియదు. సత్యరాజు అలవాటు ప్రకారం కళ్లు మూసి, తడిమి, మీట నొక్కాడు. ఆమెన్ అయ్యాక కెమెరా కట్టేశాడు. కేసెట్టు బయటికి తీసి 'స్వర్ణ పాట' అని రాసి, పొరపాటున కూడా దాని మీద ఇంకోటి ఎక్కకుండా వెనకనున్న చిన్న తాళం జరిపి, బీరువాలో చీరల కింద దాచాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. మాట వస్తుంది గాని బొంగురు. నెలలు గడిచినా అంతకంటే బాగుపడలేదు. గుడిలో పాట వేరొకరు ఎత్తుతున్నారు. స్వర్ణకుమారి వెనక వరసలో కూర్చుని పెదవులు కదిపేది. ఇంట్లో ఆమె పిలిస్తే సత్యరాజు వెంటనే పలికేవాడు కాదు. కావాలని కాదు. వేరెవరో పిలిచినట్టు ఒక్క క్షణం తడబడి, అప్పుడు పలికేవాడు. ఆ క్షణం ఆమె కనిపెట్టకుండా ఉంటుందా? కనిపెట్టింది. అందుకే పిలవడం తగ్గించేసింది.

కేసెట్టు ఉంది గదా అన్నదే అతనికి మిగిలిన ఊరట. వేస్తే ఆమెకు బాధ, వెయ్యకపోతే తనకు బాధ. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె కనకమహాలక్ష్మి ఇంటికి వెళ్లింది చూసి, వైర్లు టీవీకి తగిలించి, చాప వేసుకుని కూర్చున్నాడు.

టీవీలో చాప అంచు కనబడింది. చీర కుచ్చిళ్లు, పాస్టరు గారి కాలి బొటనవేలు కనబడ్డాయి. వినబడింది హోరు. పాట లేదు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. రెండోసారి నొక్కిన నొక్కుడికి కెమెరా ఆగిపోయిందని, పాటంతా అయిపోయాక తను ఆపుదామని నొక్కినప్పుడు మొదలైందని అప్పటికి బుర్రకెక్కింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పాటను తన వేలితోనే పోగొట్టుకున్నాడు. టీవీ ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హోరు మాత్రం నడుస్తూనే ఉంది. అందులో కెమెరాకు అందరికంటే దగ్గరగా ఉన్న గొంతు, ఆ పాత గొంతు, అతని పేరు పలికింది.

"నాయనా ప్రభువా, ఈయన నా గొంతు కోసవే ఈ మిషిను కొన్నాడని నాకు తెలుసు. సెప్పడం రాదీయనకి. రేపు నా గొంతు పోతే పోనీ, నీ సిత్తం. కానీ ఈ సత్యరాజు ఆ కేసెట్టు ముందేసుకుని ఏడుత్తా కూకోకుండా సూడు తండ్రీ. మిగిలిన గొంతుతో నాను పిలిత్తే పలికేటట్టు సెయ్యి. నాకు అది సాలు."

సత్యరాజు చెంపలు తుడుచుకుని వెనక్కి చూశాడు. స్వర్ణకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఆపీయండి," అంది. "అది మీకు సెప్పింది కాదు."

"పాట పడలేదు స్వర్ణా. ఇదొక్కటే పడింది," అన్నాడు. "నా పేరెట్టి సెప్పింది నాను ఇనొద్దా?"

ఆమె వచ్చి చాప మీద అతని పక్కన కూర్చుంది. టీవీలో ప్రార్థన ఇంకా జరుగుతోంది గనుక సత్యరాజు కళ్లు మూసుకున్నాడు. రిమోటు చేతిలోనే ఉంది. ఈసారి ఏ మీటా నొక్కలేదు. హోరు నెమ్మదించి అందరూ ఆమెన్ అన్నారు. రికార్డు అక్కడితో అయిపోయింది.

"ఏవండీ," అని పిలిచింది పక్కనుంచి బొంగురు గొంతు.

"ఊఁ, స్వర్ణా," అని సత్యరాజు వెంటనే పలికాడు.